సెట్లర్‌కి రెండే అడుగులు

సివిలైజేషన్ 6 ఆట క్రీస్తుపూర్వం 4000లో మొదలవుతుంది. చేతికొచ్చేవి రెండే: ఒక సెట్లర్, ఒక వారియర్. చుట్టూ రెండు మూడు గడుల మేర నేల కనిపిస్తుంది. ఆపైనంతా పాతకాగితం రంగు. అక్కడ కొండలున్నాయో, సముద్రం ఉందో, ఎవరైనా ఉన్నారో తెలీదు. మామూలు వేగంలో ఆడితే ముందు 500 టర్న్‌లున్నాయి. చాలామంది మొదటి టర్న్‌లో పెద్దగా ఆలోచించరు. సెట్లర్ ఎక్కడుంటే అక్కడే ఊరు కట్టేసి రెండో టర్న్‌కి పోతారు. నేను మాత్రం అక్కడే పది నిమిషాలు కూచుంటాను. టీ చల్లారిపోతుంది.

ఉన్నచోటే కట్టేయడం తప్పేం కాదు నిజానికి. మ్యాప్ తయారుచేసే ప్రోగ్రాం మామూలుగా మనల్ని నీళ్ళకి మరీ దూరంగా పడేయదు. మొదటి ఊరికి నీళ్ళే ప్రాణం. నదో, సరస్సో పక్కనుంటే హౌసింగ్ 5, సముద్రపు ఒడ్డయితే 3, రెండూ లేకపోతే 2. హౌసింగ్ నిండుతున్నకొద్దీ జనాభా పెరగడం మందగిస్తుంది. సెట్లర్ మీద క్లిక్ చేయగానే నేలంతా రంగులు మారుతుంది. ముదురాకుపచ్చ అంటే మంచినీళ్ళు, లేతది సముద్రం, బూడిదరంగు అంటే నీళ్ళు లేవు, ఎరుపు అంటే అసలు ఊరు కట్టడమే కుదరదు.

నీళ్ళ తర్వాత చూడాల్సింది మెరక. చదునునేల మీద కడితే ఊరి నడిబొడ్డు గడి 2 తిండి, 1 ఉత్పత్తి ఇస్తుంది. మైదానంలో ఉన్న గుట్ట, ఆట భాషలో ప్లెయిన్స్ హిల్, దాని మీద కడితే 2, 2. ఒక్క అంకె తేడా. కానీ మొదట్లో ఊరంతా కలిపి ఉత్పత్తి నాలుగో ఐదో ఉంటుంది. రెండో సెట్లర్ ఖరీదు 80. నాలుగు చొప్పున 20 టర్న్‌లు, ఐదు చొప్పున 16. డైటీ స్థాయిలో ఆడుతుంటే కంప్యూటర్ నడిపే రాజులందరూ మూడేసి సెట్లర్లతో మొదలుపెడతారు. ఆ నాలుగు టర్న్‌లలో మనం కన్నేసిన నది మలుపులో పక్కవాడు ఊరు కట్టేస్తాడు.

తిరకాసు ఎక్కడంటే, సెట్లర్‌కి రెండే అడుగులు. చదునునేల మీద ఒకడుగేస్తే ఇంకోటి మిగుల్తుంది, అదే టర్న్‌లో ఊరు కట్టుకోవచ్చు. గుట్ట మీదికో, అడవిలోకో వెళ్తే రెండూ అయిపోతాయి, ఇక ఊరు వచ్చే టర్న్‌కే. మెరక కావాలంటే ఒక టర్న్ ధర. ఆట మొదట్లో ఒక టర్న్ అంటే క్యాలెండర్‌లో 40 ఏళ్ళు. ఒక తరం మొత్తం మూటాముల్లె నెత్తినపెట్టుకుని గుట్టెక్కుతూ గడిపేస్తుందన్నమాట.

అందుకే ముందు కదపాల్సింది సెట్లర్ని కాదు, వారియర్ని. వాణ్ణి దగ్గర్లో ఉన్న మెరక మీదికి పంపితే ఇంకో నాలుగైదు గడులు తెరుచుకుంటాయి. అప్పుడు లెక్కలు. వెనకాల పర్వతాల వరస ఉంటే రేపు క్యాంపస్ కట్టుకోవచ్చు, ఆనుకున్న ఒక్కో పర్వతానికి ఒక్కో సైన్స్ పాయింటు. నది ఉంటే వ్యాపారానికి పనికొస్తుంది. వరదమైదానమైతే తిండి బాగా పండుతుంది గానీ, 2019లో గ్యాదరింగ్ స్టార్మ్ వచ్చిన దగ్గర్నుంచీ అది ఊరికే పండదు. వరదొస్తుంది, పొలాలు కొట్టుకుపోతాయి, పోతూ పోతూ ఒండ్రు వేసి నేలని ఇంకాస్త సారవంతం చేసి పోతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. గుర్రాలు పశుపోషణ నేర్చుకుంటేనే కనిపిస్తాయి, ఇనుము కంచు పనొస్తేనే. అవి మొదటి టర్న్ నుంచీ మన కాళ్ళకిందే ఉంటాయి, మనకి తెలీదంతే.

ఈ ఆట నాకు దొరికింది 2020 మే నెలలో. ఎపిక్ స్టోర్ వాళ్ళు వారం రోజులు ఉచితంగా ఇచ్చారు. లాక్‌డౌన్‌లో ఇంటికెళ్ళిపోయి ఉన్నాను. ఇల్లంటే బోధన్ దగ్గర ఒక క్యాంపు. నిజామాబాద్ జిల్లా వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: మంజీరా మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువలొచ్చాయి, 1937లో బోధన్‌కి చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదెకరాలు కొనుక్కుని రావడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్ళు పాత ఊళ్ళకి కాస్త ఎడంగా కట్టుకున్న వాడలే క్యాంపులు. డెబ్భై ఏళ్ళు దాటాయి, డాబాలు లేచాయి, గుడి, బడి, రైస్‌మిల్లు వచ్చాయి. పేరు మాత్రం ఇంకా క్యాంపే. రేప్పొద్దున గుడారాలు పీక్కుని వెళ్ళిపోతామన్నట్టు.

తాతయ్య వాళ్ళ నాన్నతో తెనాలి దగ్గర్నుంచి వచ్చేటప్పటికి పదహారేళ్ళట. ఆ మే నెలలో ఎనభై దాటాడు. మంచం నా వెనకే వేసుకుని ల్యాప్‌టాప్ చూసేవాడు.

"ఏందిరా ఆ పచ్చది?"

"మంచినీళ్ళున్న చోటు తాతయ్యా. అక్కడ ఊరు కట్టాలి."

"కాలవ మొదట్లోనా, చివర్లోనా?"

అలాంటి రంగు ఈ ఆటలో లేదు. అప్పుడు చెప్పాడు, వాళ్ళెలా వెతికారో. కాలువ మొదట్లో పొలం చూడ్డానికి బాగుంటుంది గానీ ఊటెక్కి చౌడు తేలుతుంది. చివర్లో కొంటే నీళ్ళు వచ్చిన ఏడాదే వస్తాయి. నడిమధ్య తూము కింద చూడాలి. మట్టి నోట్లో వేసుకుని చూడాలి. ఎండాకాలం వచ్చి పక్కూరి బావిలో నీళ్ళెంత లోతున ఉన్నాయో చూడాలి. బండి ఫ్యాక్టరీకి పొద్దున పోయి చీకటిపడేలోగా తిరిగి రాగలగాలి. వాళ్ళ నాన్న మూడుసార్లు ఒక్కడే వచ్చి చూసుకుని వెళ్ళి, నాలుగోసారి పిల్లల్ని తీసుకొచ్చాడట. ముందు వారియర్, తర్వాతే సెట్లర్.

"అప్పుడిక్కడ ఏముంది, అంతా అడివే" అని ముగించేవాడు ఎప్పుడూ. మా క్యాంపులో ఏ ముసలాయన్ని కదిపినా ఆ మాటే. 'అంతా అడివే.'

తాతయ్య పోయాడు. నేను హైదరాబాద్ వచ్చేశాను. ఇప్పుడు నా రూమ్మేట్‌దీ మా వైపే, కానీ క్యాంపు కాదు, ఊరు. మా క్యాంపుకీ వాళ్ళూరికీ మధ్య ఒక కాలువ అడ్డం, అంతే. చిన్నప్పుడు ఒకరికొకరం తెలీదు. ఇక్కడ పరిచయమయ్యాక లెక్కలేస్తే తేలింది. వాడికి ఈ ఆట నేనే అంటించాను.

ఆటలో మొదట్లో అక్కడక్కడా చిన్న గుడిసెలు కనిపిస్తాయి. ట్రైబల్ విలేజ్ అంటారు. మన స్కౌట్ వెళ్ళి కాలు పెట్టగానే బంగారమో, ఏదో ఒక విద్యలో కొంత దారో, కొన్నిసార్లు జనాభాయో దక్కుతుంది. మంచి ఓపెనింగ్ అంటే వీలైనన్ని గుడిసెలు పక్కవాడికంటే ముందు తొక్కడం. ఒకరోజు నేను అలాగే తొక్కాను. కొంత బంగారం వచ్చింది. గుడిసెలు మాయమయ్యాయి. పక్కనుంచి చూస్తున్నవాడు అడిగాడు.

"గా గుడిసెలల్ల ఉన్నోళ్ళు యాడికి వోయిన్రుర?"

ఎక్కడికీ పోలేదు. ఆట అక్కడికి కెమెరా తిప్పదు. ఆ గడి మామూలు గడ్డినేల అయిపోతుంది, సెట్లర్‌ని తెస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది.

మాయం కానివాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు బార్బేరియన్లు. వాళ్ళ గురించి తెలియకుండా ఓపెనింగ్ పూర్తి కాదు. వాళ్ళ స్కౌట్ మన ఊరిని చూస్తే తలమీద ఎర్రటి ఆశ్చర్యార్థకం వస్తుంది. వాడు తిరిగి తన క్యాంపు చేరగలిగితే ఓ గుంపు మన మీదికి బయల్దేరుతుంది. వాణ్ణి దార్లోనే ఆపాలి. అందుకే మొదటి స్కౌట్ తర్వాత వెంటనే సెట్లర్ కాకుండా ఒక స్లింగర్‌ని తయారు చేయడం మంచిదని నా అభిప్రాయం. అధికారికంగా వాటి పేరు అవుట్‌పోస్టులు, కానీ ఆడేవాళ్ళం అందరం క్యాంపులనే అంటాం. రూమ్మేట్‌కి ఇది పండగ. "క్యాంపులల్ల ఉండేటోళ్ళు బార్బేరియన్లేనారా?" అని మూడు రోజులు నవ్వాడు. నేనూ నవ్వాను. మూడోరోజు కాస్త తక్కువ.

సెట్లర్ అనే మాట తెలంగాణలో ఊరికే ఇంగ్లీషు మాట కాదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా 'సెట్లర్ల ఓట్లు ఎటు' అని టీవీలో లెక్కలేస్తారు. నేను పుట్టింది బోధన్‌లో, నాన్న పుట్టింది బోధన్‌లో. 1969లో గొడవలు ముదిరినప్పుడు తాతయ్య కొన్ని నెలలు బోధన్‌కి సైకిల్ మీద ఒంటరిగా వెళ్ళేవాడు కాదట, అప్పటికి నాన్న చేతుల్లో పిల్లాడు. ఆటలోనేమో సెట్లర్ ఒక్క టర్న్ మాత్రమే సెట్లర్. ఊరు కట్టగానే ఆ బొమ్మ మాయమై పౌరులైపోతారు. అంత సులువైన పౌరసత్వం ఎక్కడా లేదు.

నవ్వులన్నీ అయ్యాక ఓ రాత్రి వాడే చెప్పాడు. "మా తాత రెండెకరాలు మీ క్యాంపోళ్ళకే అమ్మిండు. కాలువ నీళ్ళొస్తయని ఎరికే. గని చదును చేసుడుకు ఎడ్లు లెవ్వు, పైసల్ లెవ్వు. అమ్మినంక గదే చేన్ల జీతమున్నడు, పదకొండేండ్లు." ఎవరి దగ్గర అని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. కొంతసేపటికి "నీ టర్న్" అన్నాడు.

ఈ తరహా ఆటల్ని ఫోర్ ఎక్స్ అంటారు. 1993లో ఆలన్ ఎమ్రిక్ అనే విమర్శకుడు మాస్టర్ ఆఫ్ ఓరియన్ గురించి రాస్తూ పెట్టిన పేరది. నాలుగు ఇంగ్లీషు క్రియల ముద్దుపేరు: వెతుకు, విస్తరించు, వాడుకో, తుడిచేయి. దీని మీద అభ్యంతరాలు కొత్తవేం కావు. 2018లో కెనడాలోని క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ని ఈ ఆటలో ఒక రాజుగా చేర్చినప్పుడు, పౌండ్‌మేకర్ క్రీ నేషన్ పెద్దల్లో ఒకరైన మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం చెప్పాడు. ఇతరులని జయించి వాళ్ళ నేల తీసుకోవడమనే వలస పాలకుల విలువలే మూలవాసులకీ ఉండేవన్న అపోహని ఇది పెంచుతుందని ఆయన వాదన. పౌండ్‌మేకర్‌తో ఆడినా మొదటి టర్న్‌లో మీ చేతిలో ఉండేది సెట్లరే. ఆ ఆటకి ఇంకో మొదలు తెలీదు.

అయినా ఆడటం మానలేదు. వాడూ మానలేదు. 2021లో బార్బేరియన్ క్లాన్స్ అని ఒక కొత్త పద్ధతి చేర్చారు. అందులో క్యాంపులవాళ్ళకి డబ్బిచ్చి దాడులు ఆపించొచ్చు, వాళ్ళ సైనికుల్ని కూలికి పెట్టుకోవచ్చు. మనం జోలికి పోకుండా వదిలేస్తే కొంతకాలానికి వాళ్ళే ఒక స్వతంత్ర నగరంగా మారతారు. వాడు అదే పెట్టుకుని ఆడతాడు. దగ్గర్లో క్లాన్ కనిపిస్తే వాడి ఓపెనింగ్ మారిపోతుంది. స్లింగర్‌కి పెట్టాల్సిన టర్న్‌లు మిగుల్తాయి, సెట్లర్ ముందొస్తాడు, కానీ రెండో ఊరు వాళ్ళకి దూరంగా, తక్కువ రకం నేలలో కడతాడు. నా లెక్క ప్రకారం అది నష్టం. వాడు నాకంటే తక్కువేం గెలవడు. నేను పాత పద్ధతిలోనే ఆడతాను, గుడిసెలు కనిపిస్తే తొక్కుతాను కూడా. బంగారం బంగారమే.

ఈ మధ్య నాన్న పొలం అమ్మేద్దామంటున్నాడు. ఆరెకరాలుంది. నడుం నొప్పి ఒకటి, నీళ్ళింకొకటి. నిజాంసాగర్‌కి ఎగువన మంజీరా మీదే సింగూరు కట్టారు, ఆ నీళ్ళు హైదరాబాద్ తాగుతుంది. "నువ్వెక్కడ సెటిలవుతావో చెప్పు, అక్కడే కొందాం" అన్నాడు ఫోన్‌లో. మన ఇళ్ళల్లో ఆ మాటకి ఉద్యోగం, పెళ్ళి, ఫ్లాటు, మూడర్థాలూ ఒకేసారి వస్తాయి.

పోయిన నెల వచ్చాడు. మియాపూర్ అవతల నాలుగు వెంచర్లు చూశాం, రూమ్మేట్ కూడా బండి మీద వచ్చాడు. ప్రతిచోటా నాన్న మొదటి ప్రశ్న "మంజీరా కనెక్షన్ ఉందా?" మూడోచోట ఉందన్నారు. నాన్న మొహంలో కొంచెం వెలుగొచ్చింది. డెబ్భై ఏళ్ళ కిందట మావాళ్ళు ఏ నది కోసం వచ్చారో దానికోసమే మళ్ళీ. ఏజెంట్ బ్రోచర్ తీసి క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ అని మొదలుపెట్టాడు. నాన్న వినడంలేదు. పునాది తవ్విన గుంట దగ్గరికి వెళ్ళి వంగి మట్టి తీశాడు. నల్లగా, జిగటగా ఉంది. వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇక్కడ ముందు ఏముండేదండీ?"

"ఏం లేదు సార్. ఖాళీ జాగా."

రూమ్మేట్ నావైపు చూళ్ళేదు. హెల్మెట్ అక్కడే సీటు మీద పెట్టి, గేటు దగ్గర కుర్చీలో కూచున్న ముసలి వాచ్‌మన్ వైపు నడిచాడు. నాన్న చేతులు దులుపుకుని వాడి వెనకే వెళ్ళాడు. "పెద్దాయనా, ఈడ చెర్వుండెనా?" అని వాడు అడగడం వినిపించింది. ఆయన లేచి నిలబడి, కట్టిన మూడు బ్లాకులూ కలిసేట్టు ఇటు నుంచి అటు చెయ్యి తిప్పి చూపించాడు.