మారిషస్ దీవికి ప్రయాణం

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉండే పిల్లలందరికీ సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడ తెలుసు. దాన్ని 1998లో ప్రారంభించారు. అక్కడికి సుమారు 4,800 కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రం నడుమ ఉన్న మారిషస్ దీవిలో కూడా ఒక సైబర్ టవర్ ఉన్నది. ఎబేన్ అనే చోట, ఒకప్పుడు చెరుకు తోటలుండిన నేలమీద, భారతదేశం ఇచ్చిన అప్పు సహాయంతో దాన్ని కట్టారు. మన హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019 మార్చిలో వచ్చింది. మారిషస్‌లో మెట్రో రైలును అదే ఏడాది అక్టోబరులో ప్రారంభించారు. ఈ రెండింటినీ నిర్మించినది లార్సెన్ అండ్ టూబ్రో అనే మన దేశపు సంస్థే.

హైటెక్ సిటీలో పనిచేసే తల్లిదండ్రులు కొందరు సెలవులకు పిల్లలను మారిషస్ తీసుకుపోతూ ఉంటారు. అలా వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మారిషస్ చిన్న దేశం. ముఖ్యమైన దీవి ఉత్తరం నుంచి దక్షిణానికి 65 కిలోమీటర్లకు మించదు. రాజధాని పోర్ట్ లూయీ. 1968 మార్చి 12న ఈ దేశం బ్రిటిషువారి పాలన నుంచి స్వతంత్రమైంది.

ఎప్పుడు వెళ్ళాలి? ఈ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నది. అందుచేత అక్కడి ఋతువులు మనకు తలకిందులు. మనకు చలికాలమైతే వారికి ఎండాకాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల రోజులు. మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, హాయిగా ఉంటుంది. కనుక వేసవి సెలవుల చివరి భాగమో, దసరా సెలవులో మంచివి. ఆ రోజులలో మధ్యాహ్నపు సూర్యుడు మీకు ఉత్తరం వైపున కనిపిస్తాడు. కాబట్టి అక్కడ నీడను చూసి దిక్కులు చెప్పేవారు జాగ్రత్తగా చెప్పాలి!

ముంబయి నుంచి విమానంలో సుమారు ఆరు గంటల ప్రయాణం. దిగగానే గడియారాన్ని గంటన్నర వెనక్కు తిప్పుకోవాలి. మనవాళ్ళు విహారయాత్రకు వెళ్ళేటప్పుడు ముందుగా వీసా తెచ్చుకోనక్కరలేదు. అయితే తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, బస ఏర్పాటు చేసుకున్నట్టు కాగితం, ఖర్చులకు డబ్బు చూపించాలి. ఇటువంటి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు పెద్దలు మరొకసారి విచారించుకోవాలి.

పెట్టెలో ఏం పెట్టాలి? టోపీ, నూలు బట్టలు, చిన్న గొడుగు, నీళ్ళలో తడిసినా పాడుకాని చెప్పులు, దోమల మందు. అక్కడ డెంగీ, చికున్‌గున్యా జ్వరాలు వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి. గోడలోని కరెంటు ప్లగ్గులు మన వాటివంటివి కావు గనుక అడాప్టరు కూడా కావాలి.

మామిడిపళ్ళు, మొక్కలు, విత్తనాలు మాత్రం వెంట తీసుకుపోరాదు. అనుమతి లేకుండా తెచ్చినవాటిని విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అమ్మమ్మ ప్రేమతో ఇచ్చిన పండును ఎందుకు పట్టుకోవాలి అని మీకు అనిపించవచ్చు. దానికి డోడో పక్షే జవాబు చెబుతుంది.

డోడో పావురాల జాతిదే కాని, మన నెమలికన్న బరువైనది. దానికి ఎగరటం రాదు. ఆ దీవిలో దాన్ని వేటాడే జంతువు ఏదీ లేదు, అందుకని దానికి భయమన్నది తెలియదు. 1598లో డచ్చివారు వచ్చారు. ఓడలలోంచి ఎలుకలు, పందులు, కోతులు కూడా దిగాయి. అవి నేలమీది గూళ్ళలో గుడ్లు తినేశాయి. మనుషులు అడవులు నరికారు. వందేళ్ళు నిండకుండానే డోడో అన్నది లేకుండా పోయింది. పెద్ద ఖండంలో అయితే ఒకచోట చెడినా మరొకచోట మిగులుతుంది. దీవిలో ఆ వీలు లేదు. పండులో దాగిన ఒక్క పురుగుకైనా వారు భయపడటానికి కారణం ఇదే.

దీవి చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బలు గోడవలె ఉన్నాయి. పెద్ద అలలు వాటికే తగిలి విరిగిపోతాయి. లోపలి నీరు చెరువులాగా ఉంటుంది. పిల్లలు అక్కడ పెద్దల కళ్ళ ఎదుట స్నానం చేయవచ్చు. అయితే దిబ్బలలో సందులున్న చోట నీరు వడిగా లాగుతుంది, అటు పోకూడదు. దక్షిణాన గ్రీ-గ్రీ అనే చోట అడ్డుగోడే లేదు. అక్కడ సముద్రాన్ని గట్టుమీద నిలబడి చూడవలసిందే, దిగరాదు.

నీటిలో ఒట్టికాళ్ళతో నడవకండి. అడుగున రాతి చేప అనేది ఉంటుంది. చూడటానికి అచ్చం నాచుపట్టిన రాయిలాగే ఉండి, దాని వీపుమీది ముళ్ళలో విషముంటుంది. ముల్లు గుచ్చుకుంటే కాలును, చర్మం కాలనంత వేడి నీటిలో ఉంచి, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. ఆంబులెన్సుకు 114 అంకె.

పగడాన్ని తాకకూడదు. అది రాయి కాదు, కోట్ల కొలది చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు. పగడాలు, గవ్వలు ఇంటికి తెచ్చుకోవటం కూడా అక్కడ నేరమే.

తుఫాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. నాలుగో హెచ్చరిక అంటే గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలి వచ్చేసిందన్న మాట. మూడో హెచ్చరికకే బస వదిలి బయటికి రాకూడదు. మన బంగాళాఖాతపు తుఫాను గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, వారి తుఫాను ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది.

అక్కడి డబ్బును కూడా రూపాయి అనే అంటారు. కాని అది వేరు, మన రూపాయికన్న దాని విలువ ఎక్కువ. బస్సులు దీవి అంతటా తిరుగుతాయి, కాని సాయంత్రం పెందలాడే ఆగిపోతాయి. జనం మాట్లాడేది క్రియోల్ భాష. ఇంగ్లీషు, ఫ్రెంచి కూడా వాడుకలో ఉన్నాయి. ఉదయం "బోంజూర్" అనీ, సహాయం పొందితే "మెర్సీ" అనీ అంటే చాలు, ఎదుటివారి ముఖం వికసిస్తుంది.

అయితే అక్కడ "నమస్కారం" అంటే బదులు చెప్పేవారూ ఉన్నారు. 1834 నుంచి తెల్ల దొరలు చెరుకు తోటల కోసం భారతదేశం నుంచి ఒప్పందంమీద కూలీలను తెచ్చారు. వారిలో కోరంగి, విశాఖపట్నం, గంజాం వైపు తెలుగువారు ఉన్నారు. తిరిగి ఊరు చూస్తామనే ఆశతో వెళ్ళినవారిలో అనేకులు ఇక రాలేదు. ఓడ దిగినవారు పోర్ట్ లూయీ రేవులో మెట్లెక్కి పైకి వచ్చేవారు. ఆ చోటే ఆప్రవాసి ఘాట్. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. సముద్రపు ఒడ్డుకు ఒక పూట తగ్గించి అయినా దాన్ని చూడాలి.

ఆ కూలీల వంశంవారు ఈనాటికీ రామభజనలు చేస్తారు. ఉగాది ఆ దేశంలో అందరికీ సెలవు. తెలుగును బడులలో నేర్పుతారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగినది మారిషస్‌లోనే. కాని చాలా ఇళ్ళలో మాట్లాడేది క్రియోలే. అందుచేత అక్కడి తెలుగు తాతగారు ఎవరైనా తడుముకుంటూ రెండు మాటలు పలికితే, పిల్లలూ, నవ్వకండి. ఆ రెండు మాటలూ ఆరేడు తరాలుగా సముద్రం అవతల నిలబెట్టుకున్నవి. ఓపికగా విని, ఆయన చెప్పినదానికి చక్కని తెలుగులో జవాబు చెప్పండి.