ఇనుముకు ఇనుముకు నడుమ

మెట్ట ప్రాంతపు పెద్దలను అడిగి చూడండి. జీపు అనగానే వారికి స్ఫురించేది విలాసం కాదు, ప్రభుత్వం. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత గ్రామానికి సర్కారు వచ్చినదంటే జీపు వచ్చినదనియే అర్థం. సమితి అధికారి, విత్తనాల సంగతి చెప్పే ఉద్యోగి, టీకాలు వేసే సిబ్బంది, ఎన్నికల పెట్టెలు, అన్నీ ఆ వాహనంలోనే వచ్చేవి. వాన కురిసిన మరునాడు నల్లరేగడి దారిలో ఎద్దుల బండ్లు సైతం ఇరుసు దాకా దిగబడుతుంటే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు ఒక్కటే మూలుగుతూ దాటిపోయేది.

ఈ వాహనం మన దేశానికి వచ్చిన చరిత్ర మన కళాశాల విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. 1945లో ఒక ఉక్కు వ్యాపార సంస్థ వెలసినది. దాని పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మొహమ్మద్ దాని స్థాపకులు. దేశ విభజన జరిగినది. గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి, పిదప గవర్నర్ జనరల్ అయినారు. 1948లో సంస్థ 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయినది. రెండు పేర్లకూ తొలి అక్షరం 'మ' మాత్రం మారలేదు. అమెరికాలోని విల్లీస్ సంస్థ జీపులను మన దేశంలో కూర్చి, తరువాత ఇక్కడే తయారుచేసినది ఈ సంస్థయే.

మా ఇంట నున్నది ఆ కోవకు చెందిన 'సి.జె. 3బి' జీపు, 1974 నాటిది. ఇంజను ఎత్తు కారణంగా బానెట్ ఎత్తుగా ఉండుట ఈ నమూనా గుర్తు. మా తండ్రిగారు సమితి జీపు డ్రైవరుగా ఉద్యోగంలో చేరినవారు. 1980ల మధ్యలో మండలాలు వచ్చి సమితులు పోయినవి. ఆయన ఉద్యోగం నిలిచినది గాని ఆయన మనస్సు మాత్రం పాత జీపు నుండి దిగలేదు. వేలంలో ఒకదానిని కొని చందర్లపాడుకు తెచ్చుకున్నారు. మా చిన్ననాట మిరప బస్తాలు, ప్రత్తి బోరెములు, పెండ్లివారు, పురిటి నొప్పులు పడుచున్న ఇరుగు పొరుగు స్త్రీలు, అందరూ ఆ జీపులో నందిగామ చేరినవారే.

గడచిన సంవత్సరం ఆ జీపు ఇంట ఒక తగవు తెచ్చినది. బ్రేకు తొక్కితే పెడల్ దిగుతున్నది గాని పూర్తిగా పైకి రావడం లేదు. గేరు రాడ్డు నేల రేకుకున్న రంధ్రపు అంచును కొట్టుకొంటున్నది. స్టీరింగు ఒక వైపు బిగుసుకొంటున్నది. రిజిస్ట్రేషను గడువు దగ్గరపడినది. పదిహేనేండ్లు దాటిన సొంత వాహనానికి ఐదేండ్ల కొకమారు తనిఖీ జరిగిన పిమ్మటనే పొడిగింపు దొరుకుతుంది. యాభై ఏండ్లు దాటిన వాహనాలకు 2021 నాటి నిబంధనలు వింటేజి గుర్తింపు నిచ్చినవి గాని, ఆ గుర్తింపు పొందిన బండిని నిత్యం రోడ్డుపై తిప్పరాదు. మాది చేలకు పోయే బండి. అద్దాల గదిలో నిలిపే బండి కాదు.

సేద్యం చూచుకొనే మా తమ్ముడు సూటిగా అన్నాడు: "భాయ్, పాత ఇనుము బేరగాడు వచ్చి అడుగుతున్నాడు. బ్రేకు తిరిగి రాని బండిలో అమ్మీని, పిల్లలను ఎక్కించలేను. అమ్మేద్దాం." మాటలో న్యాయమున్నది. తండ్రిగారు ఏమీ అనలేదు. ఆయన చేతులకు రెండేండ్లుగా వణుకు; తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉండేది.

ఒక షెడ్డులో చూపితే బోల్టులు బిగిస్తే చాలునన్నారు. తండ్రిగారు తల అడ్డంగా ఊపి, "బిగించేందుకు అక్కడ రబ్బరేదీ?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నలో రోగ నిర్ణయమంతా ఉన్నది.

అంబాసిడరు వంటి కార్లలో నేల, గోడలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. జీపు అట్లు కాదు. క్రింద నిచ్చెన వంటి ఉక్కు చట్రం, అనగా ఛాసిస్. ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు పెట్టె, పెడళ్లు దానికే బిగించి ఉంటాయి. మనుషులు కూర్చునే రేకు బాడీ దానిపై పది పన్నెండు చోట్ల బోల్టులతో నిలుస్తుంది. ప్రతి బోల్టు వద్ద బాడీకి, ఛాసిస్‌కు నడుమ ఒక రబ్బరు ముక్క. గుంతలో చక్రం పడినపుడు ఛాసిస్ కొంత మెలిపడుతుంది. ఆ మెలికను రబ్బరు తనలో ఇముడ్చుకొని రేకును చిరగనీయదు. ఆ రబ్బరు అణగిపోతే బాడీ క్రుంగుతుంది. పెడళ్లు, గేరు రాడ్డు ఛాసిస్‌వి. అవి బయటకు వచ్చే రంధ్రాలు బాడీవి. బాడీ క్రుంగగానే రంధ్రపు అంచు పెడల్ కాడను పట్టుకొంటుంది. మా బ్రేకు జబ్బు బ్రేకులో లేదు. అరచేతి పాటి రబ్బరులో ఉన్నది. అది లేనిచోట బోల్టు బిగిస్తే నేల రేకు వంగుటయే గాని బాడీ లేవదు.

రబ్బరు ఏల చెడును? 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసినచో అది ఎండకు కరగక, చలికి పెళుసుబారక నిలుచునని కనుగొన్నాడు. అయినను దానికి ఆయుర్దాయం కలదు. గాలిలోని ప్రాణవాయువు, ఓజోను దాని గొలుసులను తెంచుతాయి. నూనె తగిలితే ఉబ్బుతుంది. ఏండ్ల తరబడి ఒకే బరువు క్రింద నలిగితే తిరిగి లేచే గుణాన్నే మరచిపోతుంది.

సంక్రాంతి సెలవులలో మేము, తమ్ముడు పనికి పూనుకొన్నాము. తండ్రిగారు వేపచెట్టు క్రింద నులకమంచం వేయించుకొని కూర్చున్నారు. ముందుగా బ్యాటరీ తీగ విప్పించారు. తరువాత డ్రైవరు సీటు క్రింది పెట్రోలు ట్యాంకును ఖాళీ చేయించి దూరంగా పెట్టించారు. బోల్టులకు మూడు రాత్రులు డీజిలు, కిరసనాయిలు పట్టించాము. స్టీరింగు కాడను పట్టియుంచే క్లాంపు, ముందరి గ్రిల్లు బోల్టులు, హ్యాండు బ్రేకు తీగ వదులు చేశాము. ఒక ప్రక్క బోల్టులన్నీ తీసి, రెండవ ప్రక్కవి తీయక వదులుగా ఉంచాము. బాడీ అడుగున మందపాటి చెక్క పెట్టి, దాని క్రింద జాకీ నిలిపి, రేకుపై బరువు ఒకే చోట పడకుండా రెండంగుళాలు మాత్రం లేపాము. లేపిన ప్రతిసారీ మంచం మీది నుండి ఒకే మాట: "చెయ్యి పెట్టొద్దు బేటా. ముందు చెక్క పెట్టు." జాకీ జారినా చెక్క నిలుపుతుంది, వేళ్లు నిలుపలేవు.

పాత ముక్కలు బయటకు వచ్చినవి. కొన్ని రాయివలె గట్టిపడినవి, కొన్ని గోళ్లతో గిల్లితే పొడి రాలినవి, రెండు చోట్ల ఏమీ లేదు. ఛాసిస్ ప్రక్క బ్రాకెటు ఒకటి పగిలి ఉన్నది. ట్యాంకు దూరాన ఉన్నది గనుక వెల్డింగు చేయించుటకు భయం లేకపోయినది. తీగ బ్రష్షుతో తుప్పు గీకి రెడ్ ఆక్సైడు పూశాము.

క్రొత్త ముక్కలు ఎక్కడివి? జగ్గయ్యపేట చుట్టుప్రక్కల సిమెంటు కర్మాగారాలున్నవి గదా. సున్నపురాయిని మోసి అరిగిన కన్వేయరు బెల్టు ముక్కలు పాత సామాను కొట్లలో దొరుకుతాయి. గుడ్డ పొరలు, రబ్బరు కలిసిన మందపాటి పట్టీ అది. తొలినాటి జీపులలో వాడినదీ అటువంటి పట్టీయే. ఒకే మందం గల ముక్కలు ఏరి, కోసి, రంధ్రాలు చేసి పెట్టాము. బోల్టులన్నీ చేతితో పట్టించే వరకు ఏ ఒక్కటీ పానాతో బిగించలేదు. పిదప నడిమి నుండి మొదలిడి అటు ఒకటి, ఇటు ఒకటి చొప్పున బిగించాము. చివరకు బాడీకి, ఛాసిస్‌కు కలిపే ఎర్తు తీగ. రబ్బరు విద్యుత్తును పోనీయదు. ఈ తీగ సరిగా లేకున్న దీపాలు మసకబారుతాయి.

మేము తరగతిలో యడాగమం బోధిస్తూ ఉంటాము. మా, అమ్మ అను రెండు పదాలు ప్రక్క ప్రక్కన నిలిచినపుడు రెండు అచ్చులు ఢీకొనకుండా నడుమ యకారం వచ్చి 'మాయమ్మ' అవుతుంది. అది ఏ అచ్చునూ తొలగించదు. ఆగమం మిత్రుని వంటిదని, ఆదేశం శత్రువు వంటిదని వైయాకరణులు అన్నది ఇందుకే. ఇంతకాలం ఆ మాటను నల్లబల్లపై వ్రాశాము. నేలపై వెల్లకిల పండుకొని, ఇనుముకు ఇనుముకు నడుమ ఒక ముక్కను దూర్చినపుడు దానిని చేతితో తాకినట్లయినది. ఉర్దూ, తెలుగు పుటలు ఒకే కుట్టులో చేరే ఈ సంచికకు ఇంతకంటె వివరించనక్కరలేదు. విద్యార్థులకు మా మనవి ఒక్కటే: మీ ఇండ్లలో పానా పట్టిన చేతులు, సూది పట్టిన చేతులు ఉన్నవి. ఆ చేతులు వణకక ముందే వారి ప్రక్కన కూర్చొని నేర్చుకొనండి. అది మన పాఠ్యప్రణాళికలో లేని పాఠం.

బ్రేకు పెడల్ తొక్కి వదిలితే చప్పుడు లేకుండా పైకి వచ్చినది. తనిఖీలో బండి నెగ్గి ఐదేండ్ల గడువు పొందినది. ఆనాటి సాయంత్రం గుడిమెట్ల దాకా, కృష్ణ ఒడ్డు వరకు వెళ్లాము. తండ్రిగారు డ్రైవరు ప్రక్క సీటులో కూర్చున్నారు. ఆ సీటులో ఆయనను చూచుట మాకదే మొదలు. తిరిగి వచ్చిన తరువాత జేబులోని తాళంచెవి తీసి, అమ్మేద్దామన్న తమ్ముని చేతిలోనే పెట్టారు. "నీవు భయపడ్డావు గనుక నీకే ఇస్తున్నా. భయం లేనివాడు బండి నడపరాదు" అన్నారు. తమ్ముడు మారు పలుకలేదు.

క్రొత్త రబ్బరు బరువుకు కొంత అణగును గనుక మూడు వందల కిలోమీటర్లు తిరిగిన పిదప బోల్టులు మరల బిగించవలెను. మేము ఆ సంగతి గుర్తు చేయుటకు మరుసటి నెల ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు అప్పటికే జీపు క్రింద ఉన్నాడు. మంచం మీద తండ్రిగారు నిశ్చింతగా నిద్రిస్తున్నారు.