మత్తుమందు ఖర్చు: కంప్యూటర్ చూపే లెక్క

ఆపరేషన్ బిల్లులో మందుల పద్దు చూసి మీరు ఉలిక్కిపడి ఉంటారు. ఆ పద్దులో రోగి శరీరానికి అందినదెంత, వృథాగా పోయినదెంత అన్నది మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు.

మత్తు ఇస్తూ రోగి స్థితిని పట్టికగా రాసే పద్ధతి పాతదే. 1890లలో బోస్టన్‌లో వైద్య విద్యార్థులు కాడ్‌మన్, కుషింగ్ ఈథర్ పట్టికలు మొదలుపెట్టారు. వారు కోరినది రోగి క్షేమం. ఖర్చు ఊసు అందులో లేదు. మా తరమూ కాగితం మీదే రాసింది. కాగితంపై మందు పేరు, మోతాదు ఉంటాయి గాని, యంత్రంలో వాయువు నిమిషానికి ఎన్ని లీటర్లు ప్రవహించిందో, ఎప్పుడు మారిందో పూర్తిగా ఉండదు. కంప్యూటర్ ఆ వివరాన్ని యంత్రం నుంచే నమోదు చేసుకుంటుంది. డబ్బంతా అక్కడే ఉంది.

సీవోఫ్లురేన్ అనే మత్తుద్రవం సంగతి చూడండి. ప్రవాహాన్ని లీటర్లలో తీసుకుని, మందు శాతంతోను, మళ్లీ మూడుతోను గుణిస్తే గంటకు ఖర్చయ్యే మిల్లీలీటర్లు ఉజ్జాయింపుగా వస్తాయి. 2 శాతం మందు, 4 లీటర్ల ప్రవాహమైతే గంటకు 24 మిల్లీలీటర్లు. 1 లీటరైతే 6. అంటే 250 మిల్లీలీటర్ల సీసా మొదటి పద్ధతిలో పది గంటలు, రెండవ పద్ధతిలో నలభై గంటలు వస్తుంది. ఎక్కువ ప్రవాహంలో మిగులు వాయువు గొట్టం గుండా బయటికి పోతుంది. రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అయితే ప్రవాహం తగ్గించాలంటే ఆక్సిజన్, మత్తువాయువుల మోతాదు చూపే మానిటర్లు, బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే సోడాలైమ్ సక్రమంగా ఉండాలి. అవి లేనిచోట పొదుపు మాట ఎత్తకూడదు.

ప్రొపోఫాల్ కథ వేరు. 20 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో సగం వాడి సగం పారవేస్తుంటారు. కంప్యూటర్‌కు తెలిసేది ఇచ్చిన మోతాదే. చెత్తబుట్ట దానికి కనబడదు. మందుల స్టోరు నుంచి వెళ్లిన లెక్కను దాని పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఆ తేడా చూసి, మిగిలిన మందును మరో రోగికి వాడమనే అధికారి ఉంటే ఆయనకు గట్టిగా అడ్డుపడాలి. ఆ మందులో సూక్ష్మజీవులు ఇట్టే పెరుగుతాయి. చిన్న సైజు ఆంప్యూల్స్ కొనడం సరైన దారి.

ఈ లెక్కలతో వైద్యులను పోల్చేటప్పుడు ఎవరు ఎలాంటి కేసులు చేశారో చూడాలి. ఖర్చు అంకె పక్కనే రోగికి మెలకువ వచ్చాక నొప్పి ఎంత, వాంతులయ్యాయా అన్నదీ అదే పట్టికలో ఉండాలి.