నేల తగిలిన మలుపు

అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ఉత్తర భాగంలో, కొండల్లో, సచెస్ అనే చిన్న ఊరుంది. అక్కడి నుంచి వోగెల్ పార్కు వైపు స్టేట్ రూట్ 180 వెళుతుంది. ఆ రోడ్డును బైకులవాళ్లు వుల్ఫ్ పెన్ గ్యాప్ అంటారు. రెండే లేన్లు. అడవిలో కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది, అలాగే దిగుతుంది. నాకు ప్రమాదం జరిగింది ఆ రోడ్డు మీదే, అక్టోబర్‌లో ఒక శనివారం ఉదయం.

నా బండి హార్లీ రోడ్ కింగ్. పెట్రోలు పోశాక 370 కిలోలు దాటుతుంది. కాళ్లు పెట్టుకోవడానికి దానికి వెడల్పాటి ఫ్లోర్‌బోర్డులు ఉంటాయి. దూర ప్రయాణంలో చాలా సుఖం. కానీ అవి నేలకు దగ్గరగా ఉంటాయి. ఇలాంటి క్రూయిజర్ 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ వంగేసరికి బోర్డు అంచు రోడ్డును గీకుతుంది. స్పోర్ట్స్ బైకు అయితే అదే మలుపులో ఇంకా చాలా వంగగలదు. బోర్డుకు కీలు ఉంటుంది కాబట్టి నేల తగలగానే పైకి మడుచుకుంటుంది. మొదటి చప్పుడుతో ఎవరూ పడిపోరు. ఆ తర్వాత కూడా వంచితే మడవని ఇనుము తగులుతుంది. అది నేలకు ఆనితే బండి బరువు దాని మీదికి పోతుంది. చక్రం పట్టు వదిలేస్తుంది. నాకు జరిగింది అదే.

అది కుడివైపు మలుపు, దిగుడు. ఎదురుగా ట్రైలర్ తగిలించిన పికప్ ట్రక్కు పసుపు గీత దాటి నా లేన్‌లోకి వచ్చింది. తప్పించుకోవడానికి ఇంకా కుడికి వంచడం తప్ప దారి లేదు. వంచాను. బోర్డు గీకింది. ఇనుప బకెట్టును గచ్చు మీద ఈడ్చినట్టు చప్పుడు. ఆ చప్పుడుకు హడలిపోయాను. చెయ్యి దానంతట అదే థ్రాటిల్ మూసేసింది. థ్రాటిల్ ఉన్నట్టుండి మూస్తే ముందు ఫోర్కులు కుంగుతాయి. బండి కింద మిగిలిన కాస్త ఖాళీ కూడా పోతుంది. రెండో చప్పుడు మొద్దుగా వచ్చింది. పడిపోవడం నాకు గుర్తు లేదు.

గుర్తున్నది ఆ తర్వాతిదే. కుడి కాలు బండి కింద ఉంది. పెట్రోలు వాసన వస్తోంది. అంటుకుంటుందేమోనని అరిచాను. తెలుగులోనే అరిచాను. ట్రక్కు ఆగలేదు.

నా వెనక కాస్త దూరంలో ఇద్దరు పెద్దవయసు రైడర్లు వస్తున్నారు. ఇద్దరూ కలిసి బండిని లేపి నా కాలు బయటికి తీశారు. ఒకాయన ముందు ఇంజన్ స్విచ్ ఆపాడు. నేను హెల్మెట్ తియ్యబోతే ఆపి, మెడ కదపొద్దన్నాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. రెండో ఆయన అంబులెన్స్‌కు కబురు చెయ్యడానికి కొండ దిగి వెళ్లాడు. మొదటి ఆయన తన జాకెట్ నా మీద కప్పి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మలుపు అవతల నిలబడి వచ్చే బళ్లను ఆపాలి, ఇప్పుడే వస్తానని చెప్పాడు. నేను వదల్లేదు. వెళ్లొద్దని ఏడ్చాను. కారులో అటుగా వచ్చిన ఒకావిడ దిగి ఆ పని చేసింది. ఆ ముగ్గురి పేర్లూ నాకు తెలియవు.

గెయిన్స్‌విల్‌లో ఆసుపత్రిలో చేర్చారు. చీలమండ పైన రెండు ఎముకలూ విరిగాయి. కుడి కాలర్ బోన్ కూడా విరిగింది. ఆ సాయంత్రమే కాలికి ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. మొదటి రాత్రి నొప్పి కంటే ఎక్కువగా నన్ను పట్టుకున్న భయం ఒకటుంది. కాలివేళ్లు తెలియడం లేదు. మత్తు వల్లేనని డాక్టర్ చెప్పినా నమ్మలేదు. పాదం పోయిందనే అనుకున్నాను. రాత్రి డ్యూటీ నర్సు వచ్చినప్పుడల్లా వేళ్లు పట్టుకుని చూడమని అడిగాను. ఆమె విసుక్కోలేదు. ఒక్కో వేలే నొక్కి, ఏ వేలో చెప్పమనేది. తెల్లవారుజామున బొటనవేలు చెప్పగలిగాను.

ఇంటికొచ్చాక వచ్చిన కష్టం నేను ఊహించనిది. కాలు కింద పెట్టకూడదు. కాలర్ బోన్ విరగడంతో చంకకర్రలు వాడకూడదు. పడకను కింది గదిలోకి మార్చారు. మా ఆవిడ ఉద్యోగానికి వెళ్లక తప్పదు. పగలంతా ఇంట్లో ఉండేది, మమ్మల్ని చూడటానికి ఇండియా నుంచి వచ్చిన మావయ్యగారే. పెళ్లయినప్పటి నుంచి ఆయన ముందు నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నది లేదు. అలాంటిది ఆయనే నన్ను బాత్‌రూమ్‌కు తీసుకెళ్లాలి, కూర్చోబెట్టాలి, తర్వాత శుభ్రం చెయ్యాలి. మొదటి వారం ఆ అవసరం రాకూడదని తిండి తగ్గించేశాను. ఆయన రెండు రోజులు చూసి, కంచం నా ఒళ్లో పెట్టి, “మా నాన్నకు నేను చేశాను బాబూ, నాకు కొత్త కాదు, తిను” అన్నారు. బైకు గురించి ఆయన ఆ రోజూ ఒక్క మాట అనలేదు, తర్వాతా అనలేదు.

తెనాలిలో ఉన్న అమ్మకు చెప్పలేదు. వీడియో కాల్‌లో మొహం వరకే కనిపించేలా ఫోన్ పట్టుకునేవాణ్ణి. కట్టు విప్పాక చెప్పాను. అప్పటికే ఎవరో చెప్పేశారట. తెలిసి కూడా, నేను చెప్పేదాకా అడగలేదు. మా పిల్లల్ని బడికి దింపింది పక్కింటి ఖమ్మం దంపతులు, ఆ చలికాలమంతా.

ఫిజియోథెరపీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నొప్పిగా ఉంటుంది, పని చేస్తుంది. సంక్రాంతి నాటికి కర్ర పట్టుకుని, ఉగాది నాటికి కర్ర లేకుండా నడిచాను.

మళ్లీ బండి ఎందుకు ఎక్కావని చాలామంది అడిగారు. నాకు ఆ బండి మీద ఉండటం ఇష్టం. అంతకంటే పెద్ద కారణం చెప్పలేను. మా ఆవిడ ఒప్పుకోలేదు. తర్వాత, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుంటే సరేనంది.

రిపేరు చేయించిన బండి తీసుకుని మొదట మా కాలనీలోనే తిరిగాను. అక్కడి చిన్న మలుపులోనే బోర్డు గీకింది. వేగం చూస్తే పెద్దగా లేదు. ఎందుకు గీకిందో అర్థం కాలేదు. పక్కన ఆపి దిగాను. చేతులు వణికాయి. మావయ్యగారికి ఫోన్ చేసి, కారులో వచ్చి నన్ను తీసుకెళ్లమన్నాను. ఇల్లు మైలు దూరం కూడా లేదు.

ఎందుకు గీకిందో ఆ తర్వాత నాకు నేర్పిన ఒక రిటైరైన పోలీసు చెప్పాడు. ఆయన మోటార్‌సైకిల్ దళంలో పనిచేశాడు. అక్కడి పోలీసులకు ఇలాంటి బోర్డుల బండ్ల మీదే, ప్లాస్టిక్ కోన్ల మధ్య తిప్పి శిక్షణ ఇస్తారు. బోర్డు గీకడం వాళ్లకు రోజూ వినే చప్పుడే. నన్ను ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు రౌండ్లు వెయ్యమని చూసి, “బండి మలుపులోకి వంగుతోంది, నీ ఒళ్లు బయటికి పోతోంది” అన్నాడు. నాకు తెలియకుండానే పడిపోయే వైపు నుంచి ఒళ్లు వెనక్కి లాక్కుంటున్నాను. ఒళ్లు బయటికి పోతే, అదే మలుపు అదే వేగంలో తిరగడానికి బండి ఇంకా ఎక్కువ వంగాలి. గీకుతుందన్న భయమే బోర్డును నేలకు తాకిస్తోంది. ఈ సంగతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నడక వేగంలో యూ టర్న్ తిప్పేటప్పుడు ఒళ్లు బయటికి ఉంచడమే సరైనది. రోడ్డు వేగంలో మాత్రం తల, భుజాలు మలుపు లోపలికి, లోపలి అద్దం వైపు పోవాలి. అప్పుడు బండి తక్కువ వంగి తిరుగుతుంది. చేతులు బిగబట్టకూడదు. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నొక్కాలి.

వేగం లెక్క కాగితం మీద వేసి చూపించాడు. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 20 మైళ్లతో వెళితే దాదాపు 18 డిగ్రీల వంపు చాలు. 27 మైళ్లకు 30 దాటుతుంది. వెడల్పు టైర్లకు ఇంకాస్త కలుపుకోవాలి. అంటే ఏడు మైళ్ల తేడాలో బండి వంగడానికి ఉన్న చోటంతా ఖర్చయిపోతుంది. కాబట్టి బ్రేకు పని మలుపుకు ముందే ముగించాలి. మలుపులో థ్రాటిల్ సన్నగా, నిలకడగా తెరిచి ఉంచాలి. అనుకోనిది ఎదురైతే వంచడానికి ఇంకా చోటు మిగిలి ఉండాలి. వెనక సస్పెన్షన్ కూడా ముఖ్యమే. నా బండికి ఎడమ సైడ్ బ్యాగు తీస్తే ఒక నాబ్ కనిపిస్తుంది. సామానో, వెనక మనిషో ఉన్నప్పుడు దాన్ని బిగించాలి. లేకపోతే బండి కుంగి, బోర్డులు నేలకు ఇంకా దగ్గరవుతాయి.

తర్వాత బోర్డు కావాలనే గీకించమన్నాడు. వద్దన్నాను. ఆ రోజుకు వదిలేశాడు. మరో వారం వెళ్లాను. గుండ్రంగా తిరుగుతూ, థ్రాటిల్ కదపకుండా, కొద్దికొద్దిగా వంచమన్నాడు. గీకింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. థ్రాటిల్ మాత్రం మూయలేదు. బండి తిరుగుతూనే ఉంది. ఆయన పక్కన నిలబడి, ఇంకొకటి, ఇంకొకటి అంటూనే ఉన్నాడు. మీకూ ఇలాంటి గతి పడితే, ఆ చప్పుడు మొదట కొండ మీద కాదు, ఖాళీ స్థలంలో, తెలిసిన మనిషి పక్కన ఉండగా వినండి.

ఆ వేసవిలో ఆయన ముందు, నేను వెనక, వుల్ఫ్ పెన్ గ్యాప్ వెళ్లాం. నేను పడ్డ మలుపు ఏదో పోల్చుకోలేకపోయాను. ప్రతి కుడి మలుపూ అదేననిపించింది. అవతల కనిపించని కుడి మలుపులు నాకిప్పటికీ భయమే. నెమ్మదిగా వెళతాను. వెనక ఎవరైనా ఉంటే పక్కకు ఆగి దారిస్తాను.

మా ఆవిడ వెనక కూర్చోదు. నేనూ అడగను. ఆ కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ ఒకటి కొన్నాను. కొండ దిగగానే దాన్నుంచి ఆమెకు మెసేజ్ పంపుతాను. అది రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏ రోడ్డు మీద వెతకమనాలో కాగితం మీద రాసి బయల్దేరే ముందు ఆమె చేతికిస్తాను.