గాలిదారి పంచాంగము

మా యింట ఏటేట రెండు పంచాంగములు వెలయును. ఒకటి ఉగాదికి బజారునుండి తెచ్చి దేవునియొద్ద నుంచునది. రెండవది మా యమ్మాయి స్వహస్తముతో గీసికొని తన గదిగోడకు తగిలించునది. మొదటిదానిలో తిథివారనక్షత్రములు గలవు. రెండవదానిలో ఏ మాసమున ఏ కొండపై గాలి యెట్లుండును, ఏ వారమున పందెములు జరుగును, ఎన్ని దినములు సెలవు పొందవలెను, ఏనాటికి రైలు టిక్కెట్లు కొనవలెను అను సంగతులు గలవు. ఆమె యభ్యసించు విద్య పారాగ్లైడింగు. అనగా గుడ్డరెక్క తగిలించుకొని కొండకొమ్మునుండి గాలిలోనికి పరుగెత్తిపోవుట.

మొదటి రెండేండ్లు నేనా కాగితమువంక కన్నెత్తి చూడలేదు. చూచిన భయము, చూడకున్న మరింత భయము. మూడవయేట ఆమెయే నాయొద్దకు వచ్చి, "అమ్మా! పెండ్లిపనుల జాబితా వ్రాయుటలో నిన్ను మించినవారు లేరని యందఱు నందురు గదా. నా యేటి ప్రయాణములకును వ్రాసిపెట్టరాదా?" అని యడిగెను. తెలియక వెఱచుటకంటె తెలిసి వెఱచుట మేలని తలంచి, ఒక లెక్కలపుస్తకము చేతబట్టి కూర్చుంటిని.

ఈ విద్య పుట్టి యెంతోకాలము కాలేదు. 1978లో ఫ్రాన్సుదేశమున, ఆల్ప్సు పర్వతములలోని మియుస్సీ యను గ్రామమున, పారాచూటు విద్య నెఱిగిన మువ్వురు స్నేహితులు విమానమెక్కి దుముకుటకు బదులుగా కొండవాలునుండి పరుగెత్తి గాలిలోనికి లేచిరి. 1989 నాటికే ఆస్ట్రియాలోని కోసెనులో ప్రపంచపోటీలు జరిగినవి. నేటి రెక్క సుమారు అయిదు కిలోల బరువుగల పలుచని గుడ్డ. దానిక్రింద సన్నని త్రాళ్ల గుంపు, త్రాళ్ల చివర హార్నెస్సు అనబడు ఆసనము, ఆసనములో ఆపత్సమయమునకై దాచిన మఱియొక పారాచూటు. అన్నియు మడిచి వీపుసంచిలో పెట్టుకొని పోవచ్చును. ఇంజను మాత్రము లేదు.

"ఇంజను లేనిది పైకెట్లు పోవును?" అని నేనడిగితిని. దాని సమాధానము మన వంటయింటిలోనే యున్నది. ఎసరు కాగునపుడు గిన్నె యడుగునంతయు నొక్కసారిగా లేవదు. ఇచట నొకటి, అచట నొకటిగా బుడగలు పుట్టి పైకి వచ్చును. ఎండకు కాగిన కొండవాలునుండి, రాతినేలలనుండి వేడిగాలియు నట్లే లేచును. దానిని థర్మలు అందురు. గ్రద్ద రెక్కలాడింపకయే చుట్లు తిరుగుచు మింటి కెక్కుట మనమందఱమును చూచినదే. పారాగ్లైడింగు చేయువారును ఆ గ్రద్దవలెనే తిరిగి ఎత్తు సంపాదింతురు. ఆ యెత్తును వెచ్చించుచు ముందునకు జారి, అది తరుగకముందే వేఱొక థర్మలును పట్టుకొందురు. సంపాదనము, వ్యయము, కొంత నిలువ. ఈ లెక్క గృహిణులకు క్రొత్తది కాదు.

గాలి యిట్టిది కావున కాలమెఱిగి ప్రయాణము కట్టవలెను. హిమాచలప్రదేశమున జూలై 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు ఎగురుటను ప్రభుత్వమువారు నిషేధింతురు. ఆ వానకాలమును మేము ఇంటిపనికి కేటాయించితిమి. త్రాళ్లు, గుడ్డ పరీక్ష చేయించుట, ఆపత్సమయపు పారాచూటును తెలిసినవారిచే విప్పించి మరల మడిపించుట, బీమాపత్రము గడువు చూచుకొనుట, నడుమునకు, కాళ్లకు బలము వచ్చునట్లు వ్యాయామము చేయుట ఆ నెలల పని. వానలు వెనుకబట్టిన పిమ్మట శిక్షణకు మహారాష్ట్రములోని కామ్‌షేట్. అటుపిమ్మట పందెమునకు హిమాచలములోని బీర్. మార్చి మొదలు మే వఱకు బీరులో మఱియొక ఋతువు గలదు గాని, ఆ దినములలో థర్మళ్లు తీవ్రముగ నుండును, మబ్బులును త్వరగా పెరుగును. అనుభవము చాలనివారికి శరత్కాలమే మేలని ఆమె గురువు చెప్పెను.

పంచాంగము వ్రాయుచుండగా మా యిద్దఱకును ఒకచోట తగవు వచ్చినది. పదునాలుగు దినముల బీరు ప్రయాణములో నాలుగు దినములను నేను "ఖాళీ" అని వ్రాసితిని. "ఈ నాలుగు దినముల గదియద్దె, భోజనము దండుగ గదా!" అని ఆమె వాదించెను. అప్పుడు ఆమెయే తొల్లి నాకు చెప్పిన వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చితిని. 2007 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలోని మనిలాయొద్ద, ప్రపంచపోటీలకు ముందు జరుగు అభ్యాసములో, జర్మనీ పక్షమున వచ్చిన ఏవా విష్నెర్‌స్కా యను యువతిని ఉఱుములమేఘము లోనికి పీల్చుకొన్నది. ఆమె 9,946 మీటర్ల యెత్తునకు పోయి, మంచు కప్పి స్మృతి తప్పి, దైవవశమున బ్రదికి దిగెను. ఆనాడే చైనాదేశపు పోటీదారుడొకడు మరణించెను. "అంతటి నిపుణులకే మేఘము అట్టిదైనపుడు, నీకు ఎగురరాని దినము తప్పక వచ్చును. ఆ దినమున 'ఇంత సొమ్ము పోసితినే' యను చింత నిన్ను ముందునకు త్రోయరాదు. కావున ఆ సొమ్ము ముందుగనే పోయినట్లు వ్రాసికొందము," అంటిని. ఆమె కొంతసేపు మాటలాడక, కలము తీసికొని ఆ నాలుగు గడులచుట్టును ఎఱ్ఱగీత గీసెను.

కామ్‌షేట్ బొంబాయి పుణెల నడిమి రైలుదారిలో నున్న చిన్న యూరు. చుట్టును సహ్యాద్రి కొండలు, ఒకప్రక్క పవనా జలాశయము. అచటికి నేనును పోయితిని. ఎగురుట చూతునని పోయిన నాకు మూడుదినములు ఎగురుటయే కనబడలేదు. మైదానమున నిలిచి రెక్కను తలపైకి లేపి, గాలి యెటులాగిన నటు అడుగువేయుచు దానిని కూలనీయకుండుటయే అభ్యాసము. తడిచీర నారవేయునపుడు గాలి వచ్చి లాగికొనిపోవుట మనకనుభవమే. ఆ చీర యిరువదియైదు చదరపు మీటర్లున్నట్లు తలంచుకొనుడు. నేలమీద దానిని లొంగదీసికొనలేనివారు మింట ఏలాగున నేలగలరు?

బీరునకు ఢిల్లీమీదుగ పఠాన్‌కోటు చేరి, అచటినుండి మోటారులో కాంగ్రాలోయ దారిన పోయితిమి. ప్రక్కనే పఠాన్‌కోటునుండి జోగీందర్‌నగర్ వఱకు 164 కిలోమీటర్ల పొడవున, 1929లో వేసిన సన్నపట్టాల రైలుదారి కొండలనడుమ ముత్యాలసరమువలె వంపులు తిరుగుచుండును. పాలంపూరు తేయాకుతోటలు దాటి, బైజనాథ్‌లో ప్రాచీనమగు శివాలయమును సేవించితిమి. ఉత్తరమున ధౌలాధార్ పర్వతపంక్తి గోడకట్టినట్లు నిలిచియున్నది. బీరు గ్రామమున 1960 తరువాత వచ్చి స్థిరపడిన టిబెట్టువారి యిండ్లు, మఠములు గలవు. మేము బసచేసిన యింటి టిబెట్టు అవ్వ నా ముఖము చూచియే నేను తల్లినని గ్రహించి, ప్రతి ప్రాతఃకాలమునను ఒక లోటా వేడి టీ నాయెదుట నుంచి చేయి పట్టుకొని కొంచెముసేపు కూర్చుండెడిది. మాకు భాష కలియలేదు, అవసరమును కలుగలేదు.

ఎగురుచోటు బిల్లింగు. బీరునకు 14 కిలోమీటర్ల కొండదారి. సుమారు 2,400 మీటర్ల యెత్తు. 2015లో ప్రపంచకప్పు పోటీ యిచటనే జరిగినది. మా యమ్మాయి పాల్గొన్నది అంతటిది కాదు, ఒక చిన్న పందెము. ప్రొద్దున వాతావరణమును వివరించి, ఏ ఏ స్థలములను చుట్టి ఎచట దిగవలెనో పలకపై వ్రాయుదురు. ఒక్కొక్కరియొద్ద నుండు యంత్రము వారి దారిని నమోదు చేయును. స్త్రీలకు వేఱుగ సులువగు దారి లేదు. పురుషులతో నదే దారి, అదే గాలి. ఫలితముల పట్టికలో మాత్రము స్త్రీలకు ప్రత్యేకముగ వరుస వ్రాయుదురు.

మొదటి రెండు దినములు ఆమె చక్కగ నెగిరి స్త్రీలలో నాలుగవదిగా నిలిచెను. మూడవనాడు పదునొకండు గంటలకే వెనుక శిఖరముపై మబ్బులు గోపురములవలె లేవసాగినవి. పోటీ నింకను ఆపలేదు. ముందువారు ఒక్కొక్కరే లేచిపోవుచుండిరి. మా యమ్మాయి రెక్కపఱచి, త్రాళ్లు చేతబట్టి, ఆకాశమువంక చాలసేపు చూచెను. నేను నోరు మెదపలేదు. మెదపనని ముందుగనే మాట యిచ్చియుంటిని. ఆ నిమిషములంత దీర్ఘములగు నిమిషములను నేనెఱుగను. కడపట ఆమె తల అడ్డముగ త్రిప్పి, రెక్క మడువసాగెను.

ఆనాడు ఎగిరినవారందఱును క్షేమముగనే దిగిరి. పట్టికలో ఆమె నాలుగవస్థానము పోయి చాల క్రిందికి జారినది. ఆ రాత్రి దుప్పటి కప్పుకొని యేడ్చెను. "నేను పిఱికిదాననా, అమ్మా?" అని యడిగెను. నేను దీపము వెలిగించి, లెక్కలపుస్తకము తెఱచి, ఎఱ్ఱగీతలోని మొదటి గడిని చూపితిని. "ఈ దినము వచ్చునని నీవు నాలుగునెలల క్రిందటనే యెఱుగుదువు. దీని వెల చెల్లించియే వచ్చితివి. కొన్న వస్తువును తీసికొన్నందులకు విచారమెందులకు?" అంటిని. ఆమె కన్నీటితోనే నవ్వెను. మరునాడు గాలి నిర్మలముగ నున్నది. ఆమె లేచి, గ్రద్దల సరసను చుట్లు తిరిగి, కంటి కానక పోయి, సాయంకాలమునకు ఇరువదిరెండు కిలోమీటర్ల దూరమున నొక వరిమడి గట్టుపై దిగి, నన్ను పిలిచి, ఆకలియగుచున్నదని చెప్పెను.

సోదరీమణులారా, ఆడుబిడ్డలు నేడు ఏ ఏ దారులు త్రొక్కుదురో మనము చెప్పజాలము. వలదనుట తేలిక, కానిమ్మని చేతులు ముడుచుకొనుటయు తేలిక. వారితో కూర్చుండి పంచాంగము వ్రాసి, వెనుదిరుగవలసిన దినములకుగూడ ముందుగనే చోటుంచుట తల్లులు చేయదగిన పని. మా గోడమీద వచ్చుయేటి కాగితము వ్రేలాడుచున్నది. ఈసారి అయిదు గడులచుట్టు ఎఱ్ఱగీత గలదు. అయిదవది ఆమెయే గీసికొన్నది.