జేబులో మిగిలిన మూడు నాణేలు

జర్మనీలో చదువుకుంటూ, సాయంత్రాలు గోదాములో పనిచేసి దాచిన డబ్బుతో 2023లో రోమ్ వెళ్ళాను. అప్పట్లో యూరో సుమారు 90 రూపాయలు. కాఫీ తాగాలన్నా, బస్సెక్కాలన్నా ముందు 90తో హెచ్చవేసేవాణ్ణి. నాన్న అప్పుచేసి పంపిన చదువు కాబట్టి ఆ లెక్కకు సిగ్గుపడను. దాన్ని ఎక్కడ ఆపాలో తెలియకపోవడం మాత్రం నా తప్పే.

రాత్రికి 15 యూరోలు కలిసొస్తాయని ఊరి చివర బస తీసుకున్నాను. వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరి ఆదివారం టికెట్ ఉండదు. ఆ ఆదివారం కోసమే ప్రయాణం తేదీలు మార్చాను. ఆ రోజు లోపలికి వదిలేది మధ్యాహ్నం పన్నెండున్నర దాకానే. రెండు బస్సులు మారి చేరేసరికి పదిన్నర. వరుస గోడ వెంబడే సాగి మలుపు తిరిగిపోయింది. రాఫెల్ గదుల్లో ఎక్కడా ఆగలేదు, జనం నడిపిస్తే నడిచాను. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన సిస్టీన్ చాపెల్ పైకప్పును నేను చూసింది పది నిమిషాలు.

నిజానికి రోమ్‌లో డబ్బు లేనివాడికి దొరికేది తక్కువేమీ కాదు. వీధుల్లో ‘నసోనె’ అనే పోత ఇనుప కుళాయిలుంటాయి. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి చల్లటి నీళ్ళు ఎగజిమ్ముతాయి, నోరు పట్టి తాగొచ్చు. చాలా చర్చిలకు రుసుమే లేదు. నవోనా చౌకు దగ్గర సాన్ లుయీజి దెయి ఫ్రాంచేజి చర్చిలో, ఎడమవైపు చివరి మందిరంలో, కరవాజ్జియో గీసిన మత్తయి చిత్రాలు మూడున్నాయి. వాటికోసమే వెళ్ళాను.

అక్కడ చీకటి. పక్కన చిన్న పెట్టె. నాణెం వేస్తే కాసేపు దీపాలు వెలుగుతాయి. నా జేబులో మూడు నాణేలున్నాయి. ఎవరో ఒకరు వేయకపోతారా అని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చి నాణెం వేసింది. ఎడమ గోడ మీద పన్నులు వసూలుచేసే గది వెలిగింది. కుడివైపు నుంచి వచ్చిన యేసు చెయ్యి చాచి మత్తయిని పిలుస్తున్నాడు, ఆ చేతి మీదుగానే వెలుతురు బల్ల దగ్గరికి పడుతోంది. బల్ల దగ్గర ఐదుగురు. ముగ్గురు తలెత్తారు. ఆ చివర కూర్చున్న కుర్రాడు ఎత్తలేదు. వాడి చూపంతా బల్ల మీది డబ్బు మీదే ఉంది. కళ్ళద్దాల ముసలాయన కూడా వాడి భుజం మీదుగా వంగి దాన్నే చూస్తున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. ఆవిడ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఆవిడ మళ్ళీ సంచీ తెరిచింది. ఆ నాలుగు సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తే. రెండోసారి వెలిగినప్పుడు కూడా నా కళ్ళు ఆ కుర్రాడి దగ్గరే ఉండిపోయాయి. ఆవిడకు కృతజ్ఞత చెప్పడానికి ఇటాలియన్‌లో ఒక్క మాట చాలు, ఆ మాట నాకు వచ్చు. చెప్పలేదు.

ఆఖరి రోజు చిల్లర మార్చుకుని మళ్ళీ ఆ చర్చికి పరుగెత్తాను. ఒంటిగంట అయింది. అక్కడి చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు; ఇదీ మూసే ఉంది. నాలుగింటికి విమానం. ముందురోజు ఎంతసేపు అక్కడే ఉన్నానో తలచుకుంటూ మెట్లమీద కాసేపు కూర్చుని బస్సెక్కాను.

కుడి గోడ మీది చిత్రం నేనింకా చూడలేదు.