ఎర్రబంతికి ఎరువు కాళ్లు

రిటైరయ్యాక టీచరమ్మగారి కాలక్షేపం కిటికీలోని ఎర్రబంతి, అదే మూన్ కాక్టస్. 1941లో జపాన్‌లో వటనాబే అనే ఆయన పెంచిన నారులో కనిపించిన వింత మొలకల సంతతి ఇది. పత్రహరితం లేదు, తన తిండి తను వండుకోలేదు. అందుకే డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడకు అంటు కడతారు. వండేది కింది కాడ, మెప్పు పై బంతికి. (చాలా ఇళ్లల్లో ఇంతేగా!)

కాబట్టి కనిపెట్టుకోవాల్సింది కాడనే. కిటికీ వెలుతురు చాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ కూడదు. మట్టి ఎండితేనే నీళ్లు. మొన్నటి వానల్లో మనవరాలు ప్రేమకొద్దీ రోజూ గ్లాసుడు పోసేసరికి కాడ అడుగున మెత్తబడింది. ఆవిడ బంతి పక్కన పుట్టిన పిల్లను శుభ్రమైన బ్లేడుతో కోసి, కొత్త కాడమీద రెండింటి మధ్య వలయాలు కలిసేలా ఆనించి, రబ్బరు బ్యాండు బిగించారు. అతుక్కునేదాకా నీడలోనే ఉంచాలి. పొద్దున్నే కాఫీ కంటే ముందు వెళ్లి చూస్తున్నారు. ముట్టుకోవడం మాత్రం లేదు.